కరెంటు ఉయ్యాల మోటారు: ఆరేడు నెలలు వాడాక

మా పాప బారసాల కాగానే మా తమ్ముడు కరెంటు ఉయ్యాల తెచ్చాడు. ఇనుప స్టాండు, పైన మోటారు, స్ప్రింగు, దానికి వేలాడే గుడ్డ తొట్టి. వేగం మార్చే నాబ్, టైమరు ఉన్నాయి. పక్కలకు ఊగదు, స్ప్రింగు మీద పైకీ కిందకీ ఆడుతుంది. కొనాలా వద్దా అని తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మంచి సంగతి. నాది ఆపరేషన్ కాన్పు. మొదటి మూడు నెలలు పాప రోజూ దీపాలవేళకి ఏడుపు మొదలుపెట్టేది. కుట్లతో ఎత్తుకుని తిప్పడం నావల్ల కాదు, అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. ఆ వేళ మోటారు నిజంగా ఆదుకుంది. తక్కువ వేగంలో పెట్టి పక్కన కూర్చుంటే కాసేపటికి ఊరుకునేది, నేను నాలుగు ముద్దలు తినగలిగేదాన్ని. చప్పుడు కూడా పెద్దగా లేదు.

నిద్ర సంగతి మాత్రం వేరు. నెలల పిల్లలకు గాఢనిద్ర, కలత నిద్ర దాదాపు 50, 60 నిమిషాలకోసారి మారుతుంటాయి. కలత నిద్రలో కదిలినప్పుడు, కళ్లు మూసేటప్పుడు చుట్టూ ఏముందో అదే కావాలంటారు. ఊపుతుండగా పడుకున్న పాపకు మళ్లీ ఊపే కావాలి. టైమరు ఆగితే లేచేది. ఇక రోహిణి కార్తెలో గుంటూరు సంగతి చెప్పాలా! మా ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, లైట్లే నడుస్తాయి. అర్ధరాత్రి కరెంటు పోతే ఉయ్యాల ఆగేది, ఇల్లంతా మేలుకునేది.

దానికన్నా పెద్ద విషయం భద్రత. గుడ్డ తొట్టిలో వీపు వంగి గడ్డం గుండెకు ఆనుతుంది. మెడ నిలవని పసిబిడ్డకు అలా శ్వాస దారి ఇరుకయ్యే ప్రమాదం ఉంది. అమెరికాలో 2022లో చట్టం చేసి, 10 డిగ్రీల కన్నా ఎక్కువ వాలుగా ఉండే పసిపిల్లల పడకల అమ్మకాన్నే నిషేధించారు. మా పిల్లల డాక్టరు గారు కూడా అదే చెప్పారు: "ఊరుకోబెట్టడానికి వాడుకోండమ్మా, రాత్రి నిద్రకు మాత్రం వద్దు." అందుకే అప్పటినుంచి కళ్లు మూతపడగానే తీసి, మా మంచం పక్కనే ఉన్న చిన్న చెక్క మంచంలో వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లం. గట్టి పరుపు, బిగుతుగా కట్టిన దోమతెర, అంతే. ఆవాల దిండు పెట్టకపోతే తల సొట్ట పడుతుందని అత్తయ్య గారు చాలా బెంగపడ్డారు. ఏడాది లోపు దిండు వద్దని డాక్టరు గారు ఆవిడకే నేరుగా చెప్పాక, ఆవిడే ఆ దిండు తీసి బీరువాలో పెట్టేశారు. సాంబ్రాణి పొగ కూడా మానేశాం.

మూడో నెల దాటాక అసలు మార్పు వచ్చింది. పుట్టగానే పిల్లలకు పగలు, రాత్రి తేడా తెలియదు, రెండు మూడు నెలలకు మెల్లగా తెలుస్తుంది. పొద్దున్నే బాల్కనీ వెలుతురులోకి తీసుకెళ్లడం, పగలు ఇంట్లో చప్పుళ్లు మామూలుగా ఉంచడం, రాత్రి పాలు చిన్న లైటులో మాటల్లేకుండా పట్టడం చేశాం. సాయంత్రం గోరువెచ్చని స్నానం, పాలు, జోలపాట, రోజూ అదే వరుస. పాట అయ్యేసరికి మత్తుగా ఉన్నప్పుడే, ఇంకా పూర్తిగా పడుకోకముందే మంచంలో వేసేదాన్ని. మొదట్లో గునిసేది. ఏడుపు పెరిగితే ఎత్తుకునేదాన్ని, ఏడవనిచ్చి వదిలేయడం నాకు ఇష్టం లేదు. కొన్ని వారాలకు తనంతట తానే నిద్రలోకి జారుకోవడం వచ్చింది. రాత్రి పాలకు లేచేది, అది ఆ వయసులో మామూలే. తాగాక ఊపకుండానే పడుకునేది.

బోర్లా పడటం మొదలుపెట్టాక ఉయ్యాల విప్పేశాం. కూర్చోవడానికి ప్రయత్నించే పిల్లకు అది ఏమాత్రం తగదు, స్ప్రింగులో వేళ్లు పడే భయం కూడా ఉంది.

కాన్పు తర్వాత చేతి సాయం తక్కువగా ఉన్న ఇంటికైతే కొనమనే చెబుతాను. పెద్దవాళ్లు పక్కన మెలకువగా ఉండాలి, వేగం తక్కువలోనే పెట్టాలి. రాత్రంతా బిడ్డ పడుకుంటుందని మాత్రం కొనకండి, ఆ డబ్బు గట్టి పరుపుకీ మంచి దోమతెరకీ పెట్టండి. మాది ఇప్పుడు మా ఆడపడుచు అడిగింది. హుక్కు, స్ప్రింగు కొత్తవి వేయించాకే ఇస్తానన్నాను.