ఫీజు కట్టి చేసిన హాస్పిటల్ ఇంటర్న్‌షిప్ (కర్నూలు): 5కి 3 స్టార్లు, అందులో 2 రికార్డ్స్ రూము (ఎంఆర్‌డీ) అన్నవే

ముందే చెప్తున్నా, హాస్పిటల్ పేరు రాయను, అడగొద్దు. వాళ్ళతో నాకు సర్టిఫికెట్ పని ఇంకా మిగిలుంది. కర్నూల్లో ఊరి మధ్యలోనే, దాదాపు 150 పడకల మల్టీ స్పెషాలిటీ, అంతవరకు చాలు.

నేను ఎంహెచ్‌ఏ, అంటే హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పీజీ, చివరి సెమిస్టర్. మా దాంట్లో ఇంటర్న్‌షిప్ చేసి ప్రాజెక్ట్ రిపోర్ట్ పెట్టాల్సిందే. హైదరాబాద్ పోదామనుకున్నా గానీ హాస్టలు, తిండి లెక్కేసేసరికి మా నాన్న మొహం మారిపోయింది, సరే అని మనూర్లోనే చూసుకున్నా. 3 నెలలకి ట్రైనింగ్ ఫీజు అని 5 వేలు తీసుకున్నారు, స్టైపెండ్ లేదు, క్యాంటీన్‌లో భోజనం సగం రేటు. పని మనం చేసి డబ్బులు కూడా మనమే ఇవ్వడం ఏంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు, కానీ నేను అడిగిన మూడు చోట్లా ఇదే కథ.

మొదటి రోజు హెచ్‌ఆర్ మేడమ్ ఒక పీపీటీ వేసి విజన్, మిషన్ అని చెప్పి, కోడ్ బ్లూ అంటే గుండె ఆగింది, కోడ్ రెడ్ అంటే మంటలు, కోడ్ పింక్ అంటే బిడ్డ కనపడట్లేదు అని మూడు ముక్కలు చెప్పి ఐడీ కార్డు మెళ్ళో వేసి పంపింది. ఆ తర్వాత దాదాపు 20 రోజులు నన్ను రిసెప్షన్లో కూర్చోపెట్టారు, అంటే జీతం లేని రిసెప్షనిస్టు అన్నమాట. ఓపీ స్లిప్పు రాయి, టోకెన్ ఇయ్యి, సార్ వచ్చినారా అంటే వస్తారండి అని చెప్పు. బాగా ఒళ్ళు మండింది గానీ ఒకటి ఒప్పుకోవాలి, కర్నూల్లో కౌంటర్ మీద కూర్చోవాలంటే ఏం కావాలో అక్కడే తెలిసింది. పాత బస్తీ నుంచి వచ్చే అమ్మీలకి ఉర్దూ, రాయచూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకి కొంచెం కన్నడ, ఆదోని వాళ్ళకి మన తెలుగే. ఇంకోటి, తుంగభద్ర దాటితే అలంపూర్, అది తెలంగాణ, వాళ్ళ ప్రభుత్వ వైద్యం కార్డు వేరు. అందుకే మనిషిని చూడగానే రోగం కన్నా ముందు "ఏ ఊరు, ఏ కార్డు" అని అడగాలి. లేకపోతే అడ్మిట్ అయినాక రాత్రి పదింటికి ఈ కార్డు ఇక్కడ కుదరదని తెలిసి ఆ ఇంటోళ్ళు కౌంటర్ దగ్గరే ఏడుస్తారు, నేను ఉన్నప్పుడే రెండుసార్లు జరిగింది.

తర్వాత బిల్లింగ్‌కి మార్చారు, అసలు చదువు అక్కడ మొదలైంది. ఒక్క రోజు సంగతి చెప్తా. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక అవ్వ, పిత్తాశయం ఆపరేషను, కొడుకు బెంగళూరులో జాబు, ఆయన కంపెనీ పాలసీలో క్యాష్‌లెస్. పొద్దున 10:15కి రౌండ్స్‌లో డాక్టరు ఇంక ఇంటికి పోవచ్చమ్మా అన్నాడు. అవ్వ పదిన్నరకే మూట కట్టుకుని మంచం అంచున కూర్చుంది. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టరు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాడు, ఆయన వచ్చి రాసి, టైపై, సంతకం అయ్యేసరికి 12:30. వాడకుండా మిగిలిన ఇంజెక్షన్లు, సెలైన్లు ఫార్మసీకి రిటర్న్ చేసి బిల్లులోంచి తీసేయాలి కదా, అది 1:15. బిల్లింగ్ అన్న భోజనానికి పోయి వచ్చి ఫైనల్ బిల్లు ఇన్సూరెన్స్ వాళ్ళకి పంపేసరికి 2:20. అప్రూవల్ 4:05కి వచ్చింది. మిగతా డబ్బులు కట్టి, స్లిప్పు తీసుకుని, వీల్‌చైర్ దొరికి, అవ్వ గేటు దాటేసరికి ఐదు దాటింది. మధ్యలో నన్ను నాలుగుసార్లు పిలిచింది, "ఏమ్మా, పొద్దున్నే పొమ్మన్న్యాడు కదా డాక్టరు, మల్ల పంపరేమే?" అని. కౌంటర్‌లో అందరూ ఒకటే మాట, ఇన్సూరెన్స్ లేటవ్వా, మాదేం లేదు.

నేను ఆ రాత్రి ఇంటికొచ్చి కాగితం మీద గీసుకుని చూస్తే ఇన్సూరెన్స్ తిన్నది గంటా ముప్పావు! మిగతా ఐదు గంటలు మనమే తిన్నాం. 2024లో ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ, సర్క్యులర్ ఇచ్చింది, డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందినాక 3 గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీ ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి, అంతకన్నా లేటై హాస్పిటల్ ఏమన్నా ఎక్స్‌ట్రా వేస్తే అది కంపెనీయే భరించాలి అని. మా సార్ క్లాసులో ఇది చెప్పినప్పుడు ఇంకేం, సమస్య అయిపోయింది అనుకున్నా. కానీ ఆ గడియారం తిరగడం మొదలయ్యేది హాస్పిటల్ బిల్లు పంపినాక, దానికి ముందు అవ్వ మంచం అంచున కూర్చున్న నాలుగు గంటలు ఆ లెక్కలోకే రావు. ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. సరే అని దీన్నే ప్రాజెక్ట్ చేసుకున్నా. ఆ తర్వాత 3 వారాలు స్టెప్ స్టెప్‌కీ టైము రాసుకుంటూ తిరిగా. ఆపరేషన్స్ మేనేజర్‌కి చూపిస్తే, బాగుందమ్మా కానీ టైమింగ్స్ రిపోర్ట్‌లో పెట్టొద్దు అన్నాడు. టైమింగ్స్ లేకుండా డిశ్చార్జ్ టైమ్ మీద ప్రాజెక్ట్ ఎట్ల చేస్తారు సార్ అంటే నవ్వి ఊరుకున్నాడు. కానీ రెండో ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ సిస్టర్ మాత్రం ఆ కాగితం మొత్తం చదివి, రేపు పోయేవాళ్ళ మందుల రిటర్న్ ఈరోజు సాయంత్రమే చేసేద్దాం అని తన వార్డులో మొదలుపెట్టేసింది. ఎవర్నీ అడగలేదు.

ఆరోగ్యశ్రీ డెస్క్‌లో ఒక వారం ఉన్నా. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, కానీ 2007లో మొదలైన పేరే జనం నోట్లో ఉంది, డెస్క్ బోర్డు మారింది కానీ "ఆరోగ్యశ్రీ యాడ?" అనే అడుగుతారు. అక్కడ పేషెంట్లకి సాయం చేసే ఉద్యోగిని మిత్ర అంటారు, ఆ మిత్ర అక్క చాలా ఓపిక. ప్రీఆథ్ అంటే ఆపరేషన్‌కి ముందు ఆ పథకం నడిపే ట్రస్ట్‌కి రిపోర్టులు, ఫోటోలు అప్‌లోడ్ చేసి పర్మిషన్ తెచ్చుకోవడం. ఒక్క స్కాన్ ఫిల్మ్ మసగ్గా వచ్చినా వెనక్కి వస్తుంది, దాన్నే క్వెరీ పడింది అంటారు. ఆ వారంలో నేను ఎక్కువగా విన్న పదం అదే, క్వెరీ.

ఇంక ఎంఆర్‌డీ. మెడికల్ రికార్డ్స్ అంటే కింద సెల్లార్‌లో, జనరేటర్ పక్కన, ఫ్యాను కూడా సరిగా తిరగని రూము. అందరూ అక్కడికి పోవడం శిక్ష అనుకుంటారు, నేనూ అనుకున్నా. అక్కడ ఒక అన్న ఉన్నాడు, హాస్పిటల్ పెట్టినప్పటి నుంచి ఉన్నాడంట. వచ్చిన ప్రతి కేస్ షీట్‌నీ చేపల్లో ముళ్ళు ఏరినట్టు చూస్తాడు, కన్సెంట్ మీద సంతకం ఉందా, అనస్థీషియా నోట్ ఉందా, సిస్టర్ టైము వేసిందా. టైఫాయిడ్ అంటే ఐసీడీలో, అంటే రోగాల కోడ్ల లిస్టులో, ఏ 01.0 అని చూడకుండా చెప్తాడు. ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసు అయ్యే రోగుల ఫైళ్ళు వేరే బీరువా, తాళం ఆయన జేబులోనే. పేషెంటు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏళ్ళు ఉంచాలి అన్న రూల్ నేను పరీక్ష కోసం బట్టీ పట్టా, ఆయన మాత్రం కోర్టు నుంచి ఏ ఫైలు కోసం ఎప్పుడు కబురొచ్చిందో కథలు కథలుగా చెప్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పెద్ద విషయం పేరు. ఆధార్‌లో లక్ష్మీదేవి, కేస్ షీట్‌లో లక్ష్మమ్మ, స్కాన్ రిపోర్ట్‌లో లక్ష్మీ దేవమ్మ, మనిషి ఒకటే, క్లెయిము మాత్రం ఇరుక్కుపోతుంది. "పాపా, ముందు పేరు సూడు, రోగం తర్వాత" అనేవాడు. రిసెప్షన్లో ఆ 20 రోజులు నేనే ఎన్ని లక్ష్మమ్మల్ని తప్పు రాసి ఉంటానో అని అప్పుడు భయమేసింది.

చెత్త సంగతి కూడా ఒక ముక్క. బయోమెడికల్ వేస్ట్ రూల్స్ 2016 మీద మాకు ఒక యూనిట్ మొత్తం ఉంది. దాన్ని నాకు పది నిమిషాల్లో నేర్పింది హౌస్‌కీపింగ్ పెద్దమ్మ. రక్తం అంటిన దూది పసుపు, సెలైన్ బాటిళ్ళు పైపులు ఎరుపు, సూదులు తెల్ల డబ్బా, గాజు సీసాలు నీలం. 48 గంటలు దాటి ఉంచకూడదని కూడా ఆమెకే తెలుసు. భోజనం ప్లేటు ఎరుపు దాంట్లో పడేసిన ఒక జూనియర్ డాక్టర్ని ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నచ్చనివి. సాఫ్ట్‌వేర్ లాగిన్ చివరి వరకు ఇవ్వలేదు, ఎవరో ఒకరి భుజం మీద నుంచి చూడ్డమే. పర్చేజ్, స్టోర్స్ వైపు రానివ్వలేదు, రేట్లు తెలుస్తాయని అనుకుంటా. క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో ఎన్‌ఏబీహెచ్ (హాస్పిటళ్ళకి నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) ఆడిట్ దగ్గర పడుతోందని నాచేత పాత రిజిస్టర్లు జిరాక్స్ తీయించారు, చేతులు కడిగే చెక్‌లిస్టు కూడా అప్పుడే నింపుతున్నారు. ఇంతకన్నా చెప్పను. మెంటార్ అని పేరు రాసిన డాక్టర్‌ని నేను మొత్తం రెండుసార్లు చూశా, ఒకసారి లిఫ్ట్‌లో.

నా ఫ్రెండ్ బుధవారపేటలో మన పెద్దాస్పత్రిలో రెండు వారాలు పరిశీలన చేసింది. అక్కడ ఓపీ క్యూ ఎట్ల కదులుతుందో, ఒకే రోజు అంతమందిని ఎట్ల తట్టుకుంటారో ఆమె చెప్తుంటే నాకు కొంచెం కుళ్ళు వచ్చింది. కుదిరితే రెండూ చూడండి. ప్రైవేట్‌లో చేరేముందు మాత్రం ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎన్ని రోజులో కాగితం మీద రాయించుకోండి, నేను నోటి మాట నమ్మా. రికార్డ్స్ రూములో కనీసం రెండు వారాలు అడగండి, వాళ్ళు వింతగా చూస్తారు, చూడనీండి. మెత్తటి చెప్పులు వేసుకోండి. పొద్దున హాస్పిటల్ ఎదురు బండి మీద ఉగ్గాని బజ్జీ తినే పోండి, క్యాంటీన్ ఉప్మాకి సగం రేటు కూడా ఎక్కువే.

మొన్న సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటికొచ్చి తీసి చూస్తే నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు, కోర్సు అనే గడిలో ఎంహెచ్‌ఏ బదులు ఎంబీఏ. తిరిగి పోయి మొదట సెల్లార్‌కి దిగి అన్నకి చూపించా. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, పెన్ను తీసి తప్పులకి రెండు సున్నాలు చుట్టి, పక్కన క్వెరీ అని రాసి ఇచ్చాడు. దాన్ని అట్లే తీసుకుపోయి హెచ్‌ఆర్‌లో ఇచ్చా. సోమవారం రమ్మన్నారు.