చనిపోయినవారి అప్పులపై పత్రికా ప్రకటన: లాయరు ఆఫీసుల ‘ప్యాకేజీ’ ఎంతవరకు పనికొస్తుంది?

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, ఎక్కడైనా కోర్టు దగ్గరి వీధుల్లో, పోయినవారికి అప్పిచ్చినవాళ్లు ముందుకు రావాలని పేపర్లో ప్రకటన వేయించే సేవ ఇప్పుడు ప్యాకేజీగా దొరుకుతుంది. ఇంటి పెద్ద పోయారు, వీలునామా ఉంది, ఆస్తి పంచాలి. ‘ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లిష్ పేపరు, ప్రకటన మ్యాటరు మాదే, మూడు రోజుల్లో వేయిస్తాం’ అంటారు. ఈ ప్యాకేజీకి ఐదు మార్కులకు మూడు ఇవ్వొచ్చు. పేపర్లో వేయించే పని నిజంగానే చకచకా చేస్తారు. తంటా అంతా మ్యాటరుతోనే. చాలాసార్లు అది వేరే పనికి రాసి పెట్టుకున్నది.

రోజూ పేపర్లో కనిపించే నోటీసు గుర్తు తెచ్చుకోండి. ‘ఫలానా సర్వే నంబరులోని స్థలం మా క్లయింటు కొనదలిచారు, అభ్యంతరాలుంటే 7 రోజుల్లోగా తెలపాలి, లేకుంటే ఎవరికీ ఏ హక్కూ లేదని భావిస్తాం.’ అది స్థలం కొనేవాడి నోటీసు. దాంట్లో పేరు మార్చి, ‘మరణించిన’ అన్న మాట చేర్చి మనకు అంటగడతారు. కొనేవాడికి కావలసింది టైటిల్ మీద అభ్యంతరం. ఆస్తి పంచేవాడికి కావలసింది పోయినాయన ఎవరికి ఎంత బాకీ ఉన్నారన్న లెక్క. సర్వే నంబరు చూసి ప్రో నోటు ఉన్నాయన ఎందుకు కదులుతాడు?

ఈ ప్రకటనకు బలం ఇచ్చేది భారత వారసత్వ చట్టం, 1925లోని సెక్షన్ 360. అప్పిచ్చినవాళ్లు క్లెయిములు పంపాలని పద్ధతిగా నోటీసు ఇచ్చి, అందులో చెప్పిన గడువు ముగిశాక, తనకు తెలిసిన న్యాయమైన బాకీలు తీర్చి ఆస్తి పంచిన ఎగ్జిక్యూటర్ (వీలునామా అమలుకు అందులో పేరు రాసిన వ్యక్తి) గానీ అడ్మినిస్ట్రేటర్ (ఆ పనికి కోర్టు నియమించిన వ్యక్తి) గానీ, పంచేనాటికి తన దృష్టికి రాని క్లెయిముకు తన జేబులోంచి కట్టక్కర్లేదు. రక్షణ అంతవరకే. అప్పు మాఫీ కాదు. ఆలస్యంగా వచ్చిన రుణదాత ఆ ఆస్తి ఎవరి చేతికి వెళ్లిందో వాళ్ల వెంట పడొచ్చని అదే సెక్షన్ చెబుతుంది. వాటా అందుకున్నవాళ్ల దగ్గర తిరిగి రాబట్టుకునే దారి సెక్షన్ 361లో ఉంది. కాబట్టి ‘గడువు దాటితే ఏ హక్కూ ఉండదు’ అన్న వాక్యం మ్యాటరులో ఉంటే కొట్టేయించండి. అది భయపెట్టడానికి పనికొస్తుందేమో గానీ కోర్టులో నిలవదు.

గడువు 7 రోజులా, 15 రోజులా? సెక్షన్‌లో అంకె లేదు. హైకోర్టు నిబంధన ఉంటే దాని ప్రకారం, లేకుంటే ఇలాంటి దావాల్లో హైకోర్టు ఇచ్చే తీరులో నోటీసు ఇవ్వాలి. మా లెక్కన 60 రోజులకు తగ్గించొద్దు. తొందర పడాల్సిన పనీ లేదు. మరణించిన రోజు నుంచి ఏడాది గడిచేదాకా వీలునామాలోని వాటాలు అప్పగించి తీరాలన్న నిర్బంధం ఎగ్జిక్యూటర్‌కు లేదని సెక్షన్ 337 అంటోంది. పెద్దకర్మ కాగానే తాళాలు అడిగే తోడల్లుడికి చూపించాల్సిన సెక్షన్ అది.

కౌంటరు దగ్గర చెప్పని ఇంకో సంగతి. ఈ రక్షణ ఎగ్జిక్యూటర్‌కు, కోర్టు నియమించిన అడ్మినిస్ట్రేటర్‌కు. తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకుని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తమలో తాము పంచుకుంటుంటే, పేపర్లో ఎంత పెద్ద ప్రకటన వేయించినా సెక్షన్ 360 గొడుగు వాళ్ల మీదికి రాదు. వాళ్లను కాపాడేది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 50, 52 సెక్షన్లు. చేతికొచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. కానీ ఆ ఆస్తిని సక్రమంగా ఖర్చు పెట్టామని చూపించలేకపోతే, లెక్క చెప్పలేని మేరకు సొంత ఆస్తి మీదికీ డిక్రీ వస్తుంది. ఇలాంటి కుటుంబానికి ప్రకటన కన్నా రసీదుల ఫైలు ముఖ్యం. ‘తండ్రి అప్పు కొడుకుదే’ అన్న పాత ధర్మసూత్రం ఒక్కటే పట్టుకుని కొడుకు మీద దావా వేయడం, 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు కుదరదు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 6(4) ఆ దారి మూసేసింది.

మ్యాటరు ఇలా ఉంటే చాలు:

‘ఫలానా జిల్లా, ఫలానా మండలం, ఫలానా గ్రామ వాస్తవ్యులు, ఫలానా వారి కుమారుడు ఫలానా వారు ఫలానా తేదీన మరణించారు. వారి ఆఖరి వీలునామా ప్రకారం ఎగ్జిక్యూటర్‌నైన నేను తెలియజేయునది: వారి ఆస్తి నుంచి అప్పు, జీతం బాకీ, జామీను లేదా మరే విధంగానైనా రావలసినది ఉన్నవారు తమ క్లెయిమును రాతపూర్వకంగా, ఆధారాల నకళ్లతో, ఫలానా తేదీ సాయంత్రం 5 గంటల్లోగా కింది చిరునామాకు అందేలా పంపాలి. ఆ తర్వాత, అప్పటికి నా దృష్టికి వచ్చిన క్లెయిములను మాత్రమే లెక్కలోకి తీసుకుని ఆస్తిని పంచుతాను.’

‘60 రోజుల్లోగా’ అని రాస్తే ఏ రోజు నుంచి లెక్క అన్న పేచీ వస్తుంది. రెండు పేపర్లలో వేర్వేరు రోజుల్లో పడితే ఆ పేచీ రెండింతలు. తేదీ వేయించండి. ఆస్తి విలువ, ఖాతా నంబర్లు, ఆధార్ నంబరు అస్సలు వద్దు. ఆస్తి ఇన్ని లక్షలని అచ్చులో చూశాక పుట్టుకొచ్చే అప్పులు కొన్ని ఉంటాయి.

ప్రూఫ్ దగ్గర ఏమరుపాటు పనికిరాదు. ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించడం ఏజెన్సీల అలవాటు. అక్షరాలు తగ్గితే ప్రకటన చిన్నదై బిల్లు తగ్గుతుందన్నది నిజమే. అయితే ఊళ్లో ఆయన్ని పిలిచే పేరొకటి, పాస్‌పుస్తకంలో పేరొకటి, ఇంగ్లిష్ స్పెల్లింగు ఇంకొకటి ఉంటాయి. ‘ఉరఫ్’ అని అన్నీ రావాలి. పోయినవారు స్త్రీ అయితే పుట్టింటి పేరు కూడా. తండ్రి పేరు, గ్రామం తప్పితే ప్రకటన వేరెవరి గురించో అయిపోతుంది. అప్పిచ్చినాయన ‘అది నాకు బాకీ ఉన్నాయన గురించి అనుకోలేదు’ అంటే జవాబు ఉండదు.

బిల్లు విషయం. డిస్‌ప్లే ప్రకటనకు రేటు చదరపు సెంటీమీటరు లెక్కన ఉంటుంది. 8 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు పెట్టె అంటే 80 చదరపు సెంటీమీటర్లు. దాన్ని ఆ ఎడిషన్ రేటుతో గుణించి, పత్రికలో స్థలానికి 5% జీఎస్టీ కలుపుకోవాలి. డబ్బు తేలేది ఎడిషన్ దగ్గరే. ప్యాకేజీలో సాధారణంగా హైదరాబాద్ ఎడిషన్ అంటగడతారు. పోయినాయన బాపట్ల దగ్గర పల్లెలో వ్యవసాయం చేసి, ఎరువుల కొట్లో ఖాతా నడిపినవారైతే హైదరాబాద్‌లో పడ్డ ప్రకటనతో ఒరిగేదేమీ లేదు. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి లాంటి పత్రికలకు జిల్లా పేజీలు ఉన్నాయి. ఆయన బతికిన జిల్లా, ఆస్తి ఉన్న జిల్లా అడిగి వేయించుకోండి. ఇంగ్లిష్ పేపరు అప్పుడు ఐచ్ఛికమే. పడిన రోజు పేపరు పూర్తి షీటు, తేదీ కనిపించేలా, మూడు కాపీలు దాచాలి. ఈ-పేపరు ప్రింటు, కత్తిరించిన ముక్క ఉంటే ఉండనీయండి గానీ వాటినే నమ్ముకోవద్దు. బిల్లు, రిలీజ్ ఆర్డరు (ప్రకటన వేయమని పత్రికకు ఇచ్చే కాగితం) కూడా అదే ఫైల్లో.

ప్యాకేజీలో అసలు లేనిది ఉత్తరాలు. మార్కులు కోసింది ఎక్కువగా దీనికే. తెలిసిన రుణదాతను పేపర్లో చూసుకోమనడం కుదరదు. మీ దృష్టిలో ఉన్న బాకీకి సెక్షన్ 360 రక్షణ లేదు. అందుకే విడిగా రాయాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక, చేరినట్టు రుజువు కావాలని కౌంటరులో అడిగి తీసుకోవాలి. ఎవరికి రాయాలో తేలాలంటే మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకోండి. నెలనెలా ఒకే తేదీన పోయే మొత్తం ఈఎంఐయో, చిట్టీ వాయిదాయో అయి ఉంటుంది. పాడుకున్న చిట్టీ అయితే మిగతా వాయిదాలు బాకీయే. సహకార సంఘం, బంగారం తాకట్టు, ఆసుపత్రి బిల్లు, ఆదాయపు పన్ను, ఉద్యోగుల సొసైటీ అన్నీ అడగాలి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే రిజిస్టరైన తనఖాలు, సెర్సాయ్‌లో (బ్యాంకు తనఖాల కేంద్ర రిజిస్ట్రీలో) వెతికితే బ్యాంకులో పెట్టిన దస్తావేజులు తెలుస్తాయి. తనఖా ఉన్న బ్యాంకు మీ ప్రకటనకు స్పందించకపోయినా దాని హక్కు ఎక్కడికీ పోదు. చేబదులు మాత్రం ఏ రికార్డులోనూ ఉండదు. ప్రకటన పనికొచ్చేది దానికోసమే.

జామీను సంతకాలు అందరూ మరిచేవి. జామీను ఉన్నవారు పోతే, ఒప్పందంలో వేరుగా లేనంతవరకు, ముందుముందు జరిగే లావాదేవీలకు ఆ హామీ రద్దవుతుంది. పోయేనాటికి ఇచ్చేసిన అప్పు సంగతి అలా కాదు. అది ఆస్తి మీదే ఉంటుంది.

క్లెయిములు రావడం మొదలయ్యాక ప్రో నోట్లే ఎక్కువ. నకలు చూసి ఒప్పుకోవద్దు, అసలు చూపించమనండి. ముందు తేదీ చూడాలి. అడిగిన వెంటనే ఇచ్చే నోటుకు దావా గడువు రాసిన రోజు నుంచి 3 ఏళ్లు. తర్వాత వెనక్కి తిప్పి చెల్లు చూడాలి. కొంత సొమ్ము జమ చేసినట్టు చెల్లు వేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. అయితే అది గడువు ముగియకముందే పడాలి, కట్టినాయన చేతిరాతతోనో సంతకంతోనో ఉండాలి. అప్పిచ్చినాయనే రాసుకున్న ‘వెయ్యి రూపాయలు ముట్టినవి’ అన్న వాక్యానికి విలువ లేదు. నోటు మీద సిరా ఒక రంగు, అంకెలు మరో రంగు, వడ్డీ ‘నూటికి రెండు’ను ‘మూడు’ చేసిన దిద్దుబాటు ఉంటే, చెక్కుల మీది సంతకంతో పక్కపక్కన పెట్టి పోల్చాలి. అనుమానం ఉన్నదాన్ని ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగానే చెప్పండి.

చెల్లింపులకు వరుస ఉంది. హోదాకు తగిన మేర అంత్యక్రియల ఖర్చు, చివరి నెల రోజుల వైద్యం ముందు. ‘తగిన మేర’ అన్నచోట వెయ్యిమందికి పెట్టిన పెద్దకర్మ భోజనాల బిల్లు ఇరుక్కుంటుంది, అప్పులున్న ఇంట్లో జాగ్రత్త. తర్వాత ప్రొబేట్ (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం) వంటి కోర్టు ఖర్చులు. ఆ వెనక పనివాళ్లకు, కూలీలకు చివరి మూడు నెలల జీతం. మిగతా అప్పులన్నీ భారత వారసత్వ చట్టం సెక్షన్ 323 ప్రకారం సమానం, ఎవరూ ముందు కాదు. అన్నీ పోను చేతిలో 12 లక్షలుండి బాకీలు 16 లక్షలైతే రూపాయికి ముప్పావలా. 4 లక్షలిచ్చిన బావమరిదికి 3 లక్షలే. మనవాడని ఆయనకు పూర్తిగా ఇచ్చేస్తే, మిగతావాళ్లకు తగ్గిన లక్ష ఎగ్జిక్యూటర్ మెడకు చుట్టుకుంటుంది.

ఇంగ్లండ్‌లో ఆస్తి వదిలి పోయిన మనవాళ్ల కుటుంబాలకు ఈ ప్యాకేజీ ఎందుకూ పనికిరాదు. అక్కడ ట్రస్టీ చట్టం, 1925 సెక్షన్ 27 ప్రకారం గెజెట్‌లో, భూమి లేదా ఇల్లు ఉంటే ఆ ప్రాంతపు పత్రికలో కూడా వేయించాలి, గడువు రెండు నెలలకు తక్కువ కాకూడదు. మనకు అలా అప్పిచ్చినవాళ్లంతా వెతుక్కునే ఒక్క చోటు లేదు. జిల్లా ఎడిషన్ మీద ఇంత పట్టుబట్టేది అందుకే.

వ్యాపారం చేసినవారు, చిట్టీలు, జామీన్లు, చేబదుళ్లు ఉన్నవారు పోతే ప్యాకేజీ తీసుకోండి. మ్యాటరు మీది, ఎడిషన్ మీది, వేయించే పని వాళ్లది. పింఛను తప్ప వేరే లావాదేవీ లేని టీచరుగారి ఆస్తి ఒక్కగానొక్క కూతురికి, ఎగ్జిక్యూటరూ ఆమే అయితే డబ్బు దండగ. ఆలస్యంగా వచ్చే రుణదాత ఎలాగూ ఆ ఆస్తి కోసం ఆమె గుమ్మానికే వస్తాడు. నాలుగు స్పీడ్ పోస్టులు, ఒక ఈసీ చాలు.