ఫోన్‌లో పెంచిన ఈము పక్షులు: ఒక క్రిప్టో ఆట రెండేళ్లు ఆడాక

ఆట పేరు రాయడం లేదు. రాసినా పెద్ద తేడా ఉండదు. 2021లో ఆక్సీ ఇన్ఫినిటీ అనే క్రిప్టో ఆట ఒక ఊపు ఊపాక అదే అచ్చులో పోసిన ఆటలు బోలెడు వచ్చాయి, అందులో ఇదొకటి. మూడు బొమ్మ జంతువులు కొనాలి. వాటితో ఎదుటివాడి మూడింటి మీద యుద్ధం చేయాలి. గెలిస్తే ఒక క్రిప్టో నాణెం (కంప్యూటర్‌లోనే ఉండేది) వస్తుంది, దాన్ని ఎక్స్ఛేంజీలో అమ్మితే రూపాయలు చేతికొస్తాయి. జంతువులన్నీ ఎన్‌ఎఫ్‌టీలు, అంటే అవి నావేనని బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి కంప్యూటర్ చిట్టాలో రాసి ఉంటుంది. రెండిటిని జతకడితే పిల్ల పుడుతుంది, పిల్లనూ అమ్ముకోవచ్చు. 2021 సెప్టెంబరు నుంచి 2023 డిసెంబరు దాకా, మధ్యలో నెలన్నర మానేసింది తప్ప, రోజూ ఆడాను. కాబట్టి నాలుగు రోజులు చూసి తిడుతున్నాననుకోకండి.

ఇంటి నుంచి పనిచేస్తున్న రోజులవి. టీమ్‌లో ఒకతను నెల సంపాదన స్క్రీన్‌షాట్ పెట్టాడు. చూసిన మూడో రోజుకే నేనూ దిగాను. మూడు జంతువులకు 41,000 రూపాయలైంది. ఈథర్ అనే క్రిప్టో నాణెం కొని ఆట వాలెట్‌లోకి (క్రిప్టో దాచుకునే ఖాతా) పంపడానికి గ్యాస్ ఫీజు, అంటే లావాదేవీ రుసుము, ఇంకో 3,400. అర్ధరాత్రి దాటాక గ్యాస్ తగ్గుతుందని ఎవరో చెబితే అలారం పెట్టుకుని లేచి మరీ పంపాను. వాలెట్ తాళం లాంటి 12 పదాలను పాత కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. అది పాత పేపర్లవాడి కట్టలోకి వెళ్లిపోతుంటే ఆఖరి నిమిషంలో లాక్కున్నాను. మా ఆవిడకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఇక ఆట ఎలా ఉందో చెబుతాను. మొదటి వారం బాగుంది. బొమ్మలు ముచ్చటగా ఉంటాయి, ఒక్కో జంతువుకు నాలుగు కార్డులు, ఎప్పుడు ఏది వేయాలో కాస్త బుర్ర పెట్టాలి. రెండో వారానికల్లా స్క్రీన్ చూడకుండానే వేళ్లు వాటంతట అవే నొక్కేస్తున్నాయి. రోజుకు 20 ఎనర్జీ ఇస్తారు. అవి వాడకపోతే ఆ రోజు నాణేలు పోయినట్టే, కాబట్టి జ్వరం వచ్చినా ఆడాలి. పండక్కి ఊరెళ్తే అందరూ పేకాటలో కేకలు వేస్తుంటే నేను దొడ్లో, సిగ్నల్ అందే చోట నిలబడి ఎనర్జీ ఖర్చు చేస్తున్నాను.

అసలు దెబ్బ ఎక్కడ పడుతుందో నాకు ఆరు నెలలకు గానీ తెలియలేదు. మామూలు కార్డు గేమ్‌లో కొత్త ఎత్తు ఆలోచించడమే సరదా. ఈ కార్డు తీసేసి అది పెడితే ఎలా ఉంటుంది, ఓడిపోతే పోనీ, ఇంకోటి చూద్దాం అనుకుంటాం. ఇక్కడ కార్డు మార్చాలంటే జంతువునే మార్చాలి. దానికి ఆ రోజుల్లో పది పదిహేను వేలు. ప్రయోగం చేయడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? అందుకే గెలుస్తుందని తేలిన ఒకే జట్టుతో అందరూ ఆడతారు. అద్దంలో మనతో మనమే కుస్తీ పట్టినట్టు ఉంటుంది. పోనీ ఆ జట్టు బలం తగ్గించి ఆటను సరిచేద్దామని కంపెనీ ఒక కార్డు దెబ్బను కాస్త తగ్గిస్తే, ఆ కార్డున్న జంతువుల ధర రాత్రికి రాత్రి పడిపోయేది. ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో గోల, మా ఆస్తి ముంచారని శాపనార్థాలు. ఆటను బాగుచేసినందుకే ఆటగాళ్లు కొట్టడానికొస్తే ఎవడు మాత్రం బాగుచేస్తాడు? రెండు మూడుసార్లయ్యాక కంపెనీ ఆ పనే మానేసింది.

డబ్బు సంగతికి వద్దాం. ఎవరైనా అడగాల్సిన మొదటి ప్రశ్న నేను ఆఖర్న అడిగాను: నాకొచ్చే ఈ రూపాయలు ఎవరి జేబులోంచి వస్తున్నాయి?

మాది ఏలూరు వైపు. ఈము పక్షుల మోజు మా ఊళ్లోకీ వచ్చింది. మా మామయ్య నిమ్మతోట పక్కన వల కంచె కట్టి నాలుగు జతలు తెచ్చాడు. ముదురాకుపచ్చ గుడ్లు పెట్టేవి, మేం పిల్లలం వింతగా చూసేవాళ్లం. ఈము నూనెకూ మాంసానికీ గిరాకీ ఉందని అమ్మినవాళ్లు చెప్పారు. మా ఊళ్లో ఈము కూర తిన్నవాడు ఒక్కడూ లేడు. పిల్లల్ని కొన్నది కూడా కొత్తగా ఈము ఫారం పెట్టాలనుకునేవాళ్లే. వాళ్లూ వాటి పిల్లల్ని ఇంకో కొత్త ఫారంవాడికి అమ్మాలి. కొత్త ఫారాలు వస్తున్నంత కాలం అందరికీ లాభమే. 2012లో తమిళనాడులో పెరుందురైలోని సుసి ఈము ఫారమ్స్ కుప్పకూలింది. మన వైపు కూడా మేత ఖర్చు భరించలేక రైతులు పక్షుల్ని వదిలించుకున్నారు. మామయ్య అయితే రెండేళ్లు ఉత్తినే మేపాడు.

నా ఆటలోనూ అచ్చం ఇదే లెక్క. నాణెం దేనికి పనికొస్తుంది? జంతువుల్ని జతకట్టడానికి. పిల్ల ఎవరికి కావాలి? కొత్తగా చేరేవాడికి. వాడు ఎందుకు చేరతాడు? నాణేలు సంపాదించి అమ్ముకోవడానికి. బయటి నుంచి ఆట మీద ఇష్టంతో డబ్బు పెట్టేవాడు ఈ గొలుసులో ఎక్కడా లేడు. సినిమా టికెట్ కొన్నవాడు డబ్బు తిరిగి రావాలనుకోడు, సినిమా చూస్తే చాలనుకుంటాడు. ఇక్కడ టికెట్ కొన్న ప్రతివాడూ దాన్ని ఎక్కువ ధరకు అమ్మాలనే వచ్చాడు, నాతో సహా.

ఆక్సీ లెక్కలు బయటే ఉన్నాయి కాబట్టి చెబుతాను. అందులో సంపాదించే నాణెం పేరు ఎస్‌ఎల్‌పీ. 2021 జూలైలో దాని ధర దాదాపు 40 అమెరికన్ సెంట్లు. ఏడాది తిరిగేసరికి ఒక్క సెంటు కూడా పలకలేదు. రోజూ కోట్ల కొద్దీ నాణేలు పుడుతుంటే, జతకట్టడానికి ఖర్చయ్యేవి అంతకంటే తక్కువ. నా ఆటలో నాణెం నేను చేరినప్పుడు 9 రూపాయలు, సంక్రాంతి నాటికి 2, ఆ పై ఉగాదికి 80 పైసలు, చివర్లో 4 పైసలు. మధ్యమధ్యలో 'రోడ్‌మ్యాప్' అని, ముందు ముందు ఏం చేస్తామో చెప్పే ఒక రంగుల బొమ్మ వదిలేవాళ్లు. ఆ రోజు ధర కాస్త లేచేది.

ఫిలిప్పీన్స్‌లో లాక్‌డౌన్‌లో పనులు పోయినవాళ్లు ఆక్సీ ఆడి ఇల్లు గడుపుకున్నారని అప్పట్లో గొప్పగా చెప్పారు. జంతువులు కొనే స్తోమత లేనివాళ్లకు యజమానులు వాటిని అప్పిచ్చి సంపాదనలో వాటా తీసుకునేవాళ్లు. దానికి స్కాలర్‌షిప్ అని పేరు పెట్టారు. మన భాషలో అది కౌలు. నేనూ ఆ పని చేశాను, సిగ్గుపడుతూనే చెబుతున్నా. ఇంకో మూడు జంతువులు 9,000కు కొని, డిగ్రీ చదువుతున్న మా పిన్ని కొడుక్కి ఇచ్చాను. వాడికి 60, నాకు 40 శాతం. మొదటి మూడు నెలల్లో వాడి వాటా ఏడు వేల దాకా వచ్చింది. ఆ తర్వాత రాత్రి మూడు గంటలు కూర్చుంటే 15 రూపాయలు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, ఏమనుకోకు. ఇది ఆట కాదన్నా, నైట్ డ్యూటీ. సప్లీ కూడా వచ్చింది, వదిలేస్తా" అన్నాడు. పిన్ని మాత్రం ఇప్పటికీ ఆ సప్లీ నా ఖాతాలోనే రాస్తుంది.

"ఎవరి పెత్తనమూ లేదు, అంతా బ్లాక్‌చెయిన్" అనే మాట ఈ ఆటలవాళ్లు తెగ వాడతారు. 2022 మార్చిలో ఆక్సీ నడిచే రోనిన్ అనే బ్లాక్‌చెయిన్ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా దోచుకుపోయారు. అక్కడ లావాదేవీలకు ఆమోదముద్ర వేసేవి మొత్తం 9 తాళాలు, అందులో 5 దొరికితే చాలు. ఆ ఐదూ దొంగల చేతికి చిక్కాయి. జరిగిన ఆరు రోజులకు, ఒక వాడకందారు డబ్బు తీసుకోలేకపోతే గానీ సంగతి బయటపడలేదు. ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ అనే హ్యాకర్ల ముఠా పని అని ఎఫ్‌బీఐ తేల్చింది. ఆక్సీ కంపెనీ తర్వాత నిధులు సమకూర్చుకుని వాడకందారులకు డబ్బు తిరిగిచ్చే ఏర్పాటు చేసింది, అది ఒప్పుకోవాలి. అయితే తొమ్మిది తాళాల ఇనప్పెట్టెను పెత్తనం లేని వ్యవస్థ అనడం మాత్రం నాకు ఎక్కదు.

"మీ వస్తువు మీదే" అన్నదీ అంతే. ఎఫ్1 డెల్టా టైమ్ అని ఒక కార్ల ఆట ఉండేది. 2019లో అందులో ఒక కారు ఎన్‌ఎఫ్‌టీ లక్ష డాలర్లకు పైగా పలికింది. 2022 మార్చిలో ఫార్ములా 1 లైసెన్సు కొనసాగకపోవడంతో ఆట మూసేశారు. బదులుగా వేరే ఆటలో కార్లు ఇచ్చారనుకోండి. కానీ కొన్న కారు నడపడానికి రోడ్డే లేకుండా పోయింది. మా వైపు పందెం కోడైనా నయం, ఓడితే కూరైనా అవుతుంది.

పన్ను గురించి క్లుప్తంగా: 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీ లాభాల మీద 30 శాతం పన్ను, జూలై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. ఒక జంతువు మీద వచ్చిన కాస్త లాభానికి పన్ను కట్టాను, పక్కనే ఐదు జంతువుల నష్టం నన్ను చూసి నవ్వుతోంది.

మంచి ఏమీ లేదా? ఉంది. వాలెట్లూ గ్యాస్ ఫీజులూ ఏమిటో నేర్చుకున్నా. డిస్కార్డ్‌లో ఇద్దరు మంచి స్నేహితులు దొరికారు, ఒకాయన కోయంబత్తూరు, ఒకాయన డాలస్‌లో ఉండే గుంటూరు మనిషి. ఇప్పుడు ముగ్గురం ఆదివారాలు చదరంగం ఆడుకుంటున్నాం, డబ్బుల్లేకుండా. నాకంటే మూడు నెలల ముందు చేరిన ఆ టీమ్ అతను లాభంతోనే బయటపడ్డాడు. ఆ లాభంలో నా 41,000 ఎంత ఉందో అతన్ని అడగలేదు. నేను పెట్టింది అన్నీ కలిపి 53,400, వెనక్కి వచ్చింది 26,000 చిల్లర. గంటల లెక్క వేయలేదు, వేయను కూడా. ఆటకు అయిదు మార్కులకు ఒకటిన్నర ఇస్తాను, ఆ ఒకటిన్నరా బొమ్మలకే.

2024 జనవరిలో సర్వర్ ఆపేశారు. జంతువులు ఇంకా నా వాలెట్‌లోనే ఉన్నాయి. బొమ్మలు కంపెనీ సర్వర్‌లో ఉండేవి కాబట్టి వాటి చోట ఇప్పుడు బూడిదరంగు డబ్బాలు కనిపిస్తాయి. అందులో ఒకటి బయటి మార్కెట్‌లో 90 రూపాయలకు అమ్మకానికి పెట్టి ఉంది, ఏడాదిగా ఎవరూ కొనలేదు. తీసేద్దామని చూస్తే దానికీ ఫీజు అడుగుతోంది, 140 రూపాయలు. అలాగే ఉండనిచ్చాను.