ఆర్వీ బ్యాటరీ డౌన్ అయితే ఏది మేలు? డ్యాష్‌బోర్డు స్విచ్చా, జంప్ ప్యాకా, కేబుళ్లా?

సెప్టెంబర్‌లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కుకు వెళ్లినప్పుడు, బ్రిడ్జ్ బే క్యాంప్‌గ్రౌండ్‌లో తెల్లారి ఆరింటికి మా అద్దె ఆర్వీ, అంటే లోపలే పడుకుని వండుకునే ఇల్లు లాంటి బండి, మొరాయించింది. సెల్ఫ్ కొడితే టక్ టక్ అని ఊరుకుంది. రాత్రి పిల్లలు పాటలు వింటూ తాళం ఆన్‌లోనే వదిలేశారు. అద్దం మీద మంచు పేరుకుని ఉంది, ఫోన్లో సిగ్నల్ లేదు. "బావా, అందరం దిగి తోద్దామా?" అన్నాడు గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిది. మన ఊళ్లో అది అలవాటే. కానీ ఇది ఐదారు టన్నుల ఆటోమేటిక్ బండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నదాన్ని ఎంత తోసినా ఇంజన్ తిరగదు.

ఇలాంటప్పుడు ముందుగా చూడాల్సింది లోపలి లైట్లు. ఆర్వీలో బ్యాటరీలు రెండు రకాలు. ఇంజన్‌ను స్టార్ట్ చేసేది ఒకటి, లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాన్ నడిపే హౌస్ బ్యాటరీ ఇంకొకటి. లైట్లు బాగా వెలుగుతుంటే మీకు కావాల్సిన కరెంటు మీ బండిలోనే ఉంది. చాలా మోడళ్లలో స్టీరింగ్ దగ్గర ఎమర్జెన్సీ స్టార్ట్ అనో, ఆక్స్ స్టార్ట్ అనో రాసిన చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే రెండు బ్యాటరీలూ కలుస్తాయి. ఒకటి రెండు నిమిషాలు అలాగే పట్టుకుని, వదలకుండా సెల్ఫ్ కొట్టాలి. బయటికి వెళ్లక్కర్లేదు, ప్లస్ మైనస్ తారుమారయ్యే భయం లేదు. నా ఓటు మొదట దీనికే.

మాకు మాత్రం మొదటిసారి పనిచేయలేదు. రాత్రంతా హీటర్ ఫ్యాన్ తిరగడంతో హౌస్ బ్యాటరీ కూడా నీరసించింది. మల్టీమీటర్ పెడితే 12.1 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 దాకా చూపిస్తుంది, 12.1 అంటే సగం ఖాళీ. అక్కడ ఉదయం 8 లోపు జనరేటర్ వేయకూడదు. ఆగి, 8 కొట్టగానే వేశాం. అరగంట పైగా హౌస్ బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కాక మళ్లీ స్విచ్ పట్టుకుంటే ఇంజన్ అందుకుంది. హౌస్ బ్యాటరీ లిథియం అయితే మాత్రం మాన్యువల్ చూడకుండా ఈ పని చేయకండి. అంత కరెంటు ఒక్కసారిగా లాగితే దానిలోని రక్షణ సర్క్యూట్ కట్ చేసేయవచ్చు.

8 ఎప్పుడవుతుందా అని ఆగిన ఆ సమయంలోనే పక్క సైట్ పెద్దాయన తన పికప్ ట్రక్కు, దాని బ్యాటరీ నుంచి మా బ్యాటరీకి కరెంటు అందించే (జంప్ ఇచ్చే) కేబుళ్లు తెచ్చారు. మంచి మనసు. కానీ కేబుళ్లు సన్నవి, పొట్టివి. పెద్ద ఇంజన్‌కు సన్న వైరు పెడితే వైరు కాలుతుంది తప్ప ఇంజన్ కదలదు. కనీసం 4 గేజ్ అయినా ఉండాలి, 2 గేజ్ అయితే ఇంకా లావు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). ఆర్వీకి 20 అడుగుల పొడవు కావాలి. పైగా బానెట్ ఎత్తగానే బ్యాటరీ కనిపిస్తుందన్న నమ్మకమూ లేదు. మెర్సిడెస్ స్ప్రింటర్ మీద కట్టిన ఆర్వీల్లో అది డ్రైవర్ కాళ్ల కింద ఉంటుంది, జంప్ ఇవ్వడానికి ప్లస్ పాయింట్ మాత్రం బానెట్ కింద ఉంటుంది.

కేబుళ్లే దిక్కయితే వరుస తప్పకూడదు. రెండూ 12 వోల్టుల బండ్లే కావాలి, ఒకదానికొకటి తగలకూడదు. ఎర్రది ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు. ఆఖరి నల్ల క్లిప్పు మాత్రం డౌన్ అయిన బ్యాటరీ మీద పెట్టొద్దు, దానికి దూరంగా ఇంజన్ మీద రంగు వేయని ఇనుముకు పట్టించాలి. చివరి క్లిప్పు దగ్గరే నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉంటుంది. ఆ రెండూ కలిస్తే బ్యాటరీ మొహం మీదే పేలవచ్చు. తీసేటప్పుడు వరుస తిరగేయాలి. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, గడ్డకట్టినా అసలు ముట్టుకోవద్దు. నిండు బ్యాటరీ తట్టుకునే చలికి ఖాళీ బ్యాటరీ గడ్డకడుతుంది. ఎదుటివాళ్లది హైబ్రిడ్ కారైతే అడగకండి, దాన్నుంచి జంప్ ఇవ్వొద్దని చాలా మాన్యువళ్లు చెబుతాయి.

లిథియం జంప్ ప్యాక్ అంటే క్లిప్పులతో వచ్చే, చేత్తో పట్టుకెళ్లే చిన్న బ్యాటరీ. దానికి ఈ తిప్పలు తక్కువ. రెండో బండి అక్కర్లేదు, క్లిప్పులు తారుమారైతే మంచి ప్యాక్ కరెంటే వదలదు. కాకపోతే సైజు చూసి కొనాలి. ఉదాహరణకు నోకో కంపెనీ వారి 1000 ఆంపియర్ల జీబీ40 పెట్రోల్‌లో 6 లీటర్ల ఇంజన్ వరకే అని రాసి ఉంటుంది. మేం నడిపిన ఫోర్డ్ ఇంజన్ 7.3 లీటర్లు, దానికి 2000 ఆంపియర్ల జీబీ70 కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కొన్ని ప్యాక్‌లు దాన్ని గుర్తుపట్టవు. అప్పుడు ఓవర్‌రైడ్ బటన్ నొక్కమంటారు. అది నొక్కితే రక్షణలన్నీ పోతాయి, క్లిప్పులు రెండుసార్లు చూసుకోండి.

అందుకే నా వరుస ఇది: ముందు స్విచ్, తర్వాత ప్యాక్, ఇంకేదీ లేనప్పుడే కేబుళ్లు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు, స్విచ్ లేని బండి తీసుకున్నవాళ్లకు ప్యాక్ తప్పనిసరి.

స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే చాలదు. మేం వెస్ట్ ఎల్లోస్టోన్ దాకా ఇంజన్ ఆపకుండా వెళ్లాం. అక్కడి ఆటో పార్ట్స్ షాపులో 2000 ఆంపియర్ల ప్యాక్ కొన్నాం. రాత్రి చలికి దాని పస తగ్గకుండా బయటి అరలో కాక, లోపల డ్రైవర్ సీటు వెనక పెట్టాం.