చెకుముకి రాతిలో ఉమ్మెత్త నోళ్లు: కెంట్ తీరంలో ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ ఉండాలి

లండన్ సెయింట్ పాంక్రస్‌లో హైస్పీడ్ రైలెక్కితే ఫోక్‌స్టన్‌కు గంటలోపు, డోవర్‌కు గంట దాటి కొద్ది నిమిషాలు. శిలాజాలనగానే అందరూ ఫోక్‌స్టన్‌లోనే దిగుతారు. కాప్ట్ పాయింట్ దగ్గర గాల్ట్ అనే బంకమట్టి పొరలో అమ్మోనైట్లు (సుడి చిప్పల సముద్రజీవుల శిలాజాలు) దొరుకుతాయి మరి. వెతికేది ఒలిగోస్ఫేరిడియం కాంప్లెక్స్ అయితే మాత్రం డోవర్ దాకా వెళ్లండి. ఇది మైక్రోస్కోపులోనే కనిపించే శిలాజం: డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవి విశ్రాంతి దశలో కట్టుకునే గూడు, అంటే సిస్ట్. గాల్ట్ మట్టిలోనూ ఉంటుంది గానీ, విడదీయడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. అది ఇంట్లో తలపెట్టే పని కాదు. పైగా పై పొరల బరువుకు నలిగి అప్పడమై ఉంటుంది. చెకుముకి రాతిలో అయితే ఆ గూడు గుండ్రంగానే మిగులుతుంది. 1842లో వైట్ అనే పరిశోధకుడు ఈ జాతిని వర్ణించిందీ ఇంగ్లండ్ సుద్దలోని చెకుముకి రాళ్లనుంచే.

అందుకే మా ఓటు సెయింట్ మార్గరెట్స్ బేకి. సుద్ద కొండలో నల్ల చెకుముకి వరసలు కింద నిలబడే కనిపిస్తాయి. డోవర్ నుంచి బస్సు పై ఊరిదాకానే. అక్కణ్నుంచి తీరానికి దిగుడు బాగా నిటారు, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్లకు తెలుస్తుంది. ఆదివారం వెళ్తే బస్సు వేళలు ముందే చూసుకోండి. ఆటుపోట్ల పట్టిక తప్పనిసరి: పోటు వస్తే కొండకూ నీటికీ మధ్య దారి ఉండదు. వాన, మంచు తర్వాత సుద్ద పెళ్లలు ఊడిపడతాయి, కొండ మొదట్లో కూర్చోకండి. ఇంగ్లండ్‌లో చాలా తీరాల్లో గులకరాళ్లు పట్టుకెళ్లడం నిషేధం. అక్కడ వరసలు చూసి, రాయి మాత్రం తోట సామాన్ల దుకాణంలో అమ్మే చెకుముకి కంకరలోంచి తీసుకోవడం మేలు. రంగు వేసిన కంకర వద్దు.

కళ్లద్దాలు పెట్టుకుని, రాయిని గుడ్డలో చుట్టి కొట్టాలి. పెచ్చు అంచు బ్లేడే. తెల్ల తొక్క ఉన్న భాగం పనికిరాదు. ముదురు రంగులో ఉండి, వెలుగుకు పట్టుకుంటే తేనెలా మెరిసే పల్చటి అంచు కావాలి. ఆ పెచ్చును మైక్రోస్కోపు స్లయిడ్ మీద పెట్టి లవంగ నూనె ఒక చుక్క వేయండి. దాని వక్రీభవన గుణకం 1.53, రాతికి దగ్గర, అందుకే గరుకు మాయమై లోపల కనిపిస్తుంది. నీళ్లు వేస్తే మెరుపు తప్ప ఏమీ ఉండదు. ముందు 100 రెట్లలో వెతకాలి, తర్వాతే 400. పెచ్చు మందంగా ఉంటే 400 రెట్లకు వాడే 40 లెన్సు రాతికి తగిలి గీత పడుతుంది.

దొరికినప్పుడు చూడాల్సింది ఇదీ. నడుమ గుండ్రటి గూడు, దాదాపు 40–50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని మీద సుమారు 18 బోలు గొట్టాలు, జీవి ఒంటిమీది కవచంలో ఒక్కో పలకకు ఒకటి చొప్పున. ప్రతి గొట్టం కొస ఉమ్మెత్త పువ్వు నోరులా విచ్చుకుని, అంచు పళ్లు పళ్లుగా ఉంటుంది. వడ్డాణం పెట్టే చోట మాత్రం ఒక్క గొట్టమూ ఉండదు. గుర్తు అదే. నడుం చుట్టూ కూడా గొట్టాలుంటే అది హిస్ట్రికోస్ఫేరిడియం అనే మరో రకం సిస్ట్. కొసలు చీలిపోయి, మొదళ్లను కలుపుతూ గట్లు కనిపిస్తే స్పినిఫెరైట్స్ అనే ఇంకో రకం. జీవి బయటికి వచ్చిన ద్వారం తలవైపు, బోండాం తల చెక్కినట్టు, కాకపోతే అంచు వంకరటింకరగా. ఆ మూతతో నాలుగు గొట్టాలూ పోతాయి గనక లెక్క తగ్గిందని మరో జాతి అనుకోకండి. రాతిలో గూడు ఎటు తిరిగి ఇరుక్కుందో మన చేతిలో లేదు. ద్వారం వెనక పడితే ఇంకో పెచ్చు చూడాల్సిందే. రాతిలోనే ఉండే స్పాంజి (సముద్రజీవి) ముళ్లను చూసి ఇవే గొట్టాలనుకుని మోసపోయేవాళ్లు చాలామంది.

డోవర్ పక్కనున్న సాంఫైర్ హో సంగతి? చానెల్ టన్నెల్ తవ్విన మట్టితో వేసిన నేల అది. పార్కింగ్, టాయిలెట్లు, టీ కొట్టు అన్నీ బాగున్నాయి, పిల్లలకు సుఖం. కానీ అక్కడి కొండలో కనిపించేది సుద్ద అడుగు పొరలు, వాటిలో చెకుముకి దాదాపు లేదు.

రాత్రి ఉండాలంటే తిండికి ఫోక్‌స్టన్ మెరుగు, మార్గరెట్స్ బే బస్సుకు డోవరే దగ్గర. డోవర్‌లో రేవువైపు గది తీసుకుంటే లారీల మోత రాత్రంతా ఉంటుంది, వెనకవైపు గది అడగండి. మైక్రోస్కోపు తెచ్చుకునేవాళ్లు కిటికీ పక్కన కదలని బల్ల ఉందో లేదో బుకింగ్‌కు ముందే కనుక్కోవాలి. చిన్న గదుల్లో ఉండే మడత బల్ల మీద 400 రెట్లలో బొమ్మ నిలవదు.