క్యాంపర్ వ్యాన్ల పని మొదలుపెట్టేవాళ్లకు: "ఆర్‌సీ మేమే మార్పిస్తాం" అంటే అడ్వాన్స్ ఇవ్వకండి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు క్యాంపర్ వ్యాన్లు (లోపలే పడుకుని, వండుకునే బండ్లు) తయారు చేసి అమ్ముదామనో, కిరాయికి తిప్పుదామనో చూస్తున్న అన్నలు, తమ్ముళ్లు ఇది చదివాకే ఎవరికైనా పైసలు ఇవ్వండి. పాత డెలివరీ వ్యాన్‌లో మంచం, వంటగట్టు, సోలార్ బిగించి, "ఆర్‌సీ కూడా క్యాంపర్‌గా మార్పించి ఇస్తాం, అంతా ప్యాకేజీలోనే" అని అమ్ముతున్నారు. మేం అట్లాంటి ఒక షాపులోనే బండి తీసుకున్నాం. ఫిర్యాదు విచారణలో ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

మా బామ్మర్దిది వెల్డింగ్ పని, నాది ఎలక్ట్రికల్ పని. నాగార్జునసాగర్‌కు, సోమశిలకు, మన్ననూరు మీదుగా శ్రీశైలానికి వెళ్లే హైదరాబాదోళ్లు సెలవు దొరికితే చాలు ఇటే వస్తారు. మొదటి బండి తయారైనదే కొని, దాన్ని చూపించి ఆర్డర్లు పట్టుకోవాలన్నది మా ఆలోచన. బండి వచ్చింది, ఆర్‌సీలో మాత్రం గూడ్స్ వెహికల్ అనే ఉంది. అడిగితే "ఆర్‌టీఏలో మనోడు ఉన్నాడన్నా, వారంలో అయిపోతది" అన్నారు. తర్వాత వచ్చే నెల అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

చివరికి మేమే ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్లాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి అప్రూవల్ కాగితం ఏది తమ్మీ?" అని అడిగాడు. ఆ కాగితం అసలు లేనే లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌తో కలవకుండా పోయేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ కింద బండి మార్చిన ఓనర్‌కు కూడా శిక్ష పడుతుంది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మార్చి అమ్మినవాడు తప్పించుకు తిరుగుతున్నా, ఆర్‌సీలో పేరున్నవాడు దొరుకుతాడు.

క్యాంపర్ వ్యాన్ అంటేనే చట్టవిరుద్ధం అని నేను అనడం లేదు. రవాణా వాహనాల జాబితాలోనూ, సొంత వాడకం వాహనాల జాబితాలోనూ కేంద్రం క్యాంపర్ వ్యాన్‌ను చేర్చింది. వీటి కోసం ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం పరీక్ష చేయించి అప్రూవల్ తీసుకునే దారి ఉంది. కాబట్టి అమ్మేవాడిని ముందు ఆ సర్టిఫికెట్ చూపించమనండి. లేదంటే ఆర్‌టీఏ ముందస్తు అనుమతి చూపించమనండి. "తర్వాత వస్తుంది" అన్నాడంటే లేచి వచ్చేయండి. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే వెహికల్ క్లాస్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, బండి మీద ఫైనాన్స్ ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. కిరాయికి తిప్పేవాళ్లకు ఇంకో మాట: సొంత వాడకం కింద తెల్ల ప్లేటు ఉన్న బండిని కిరాయికి ఇవ్వకూడదు. గూడ్స్ బండి వెనక మనుషుల్ని పడుకోబెట్టి తీసుకెళ్తే, యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది.

కాగితాల సంగతి ఇట్లుంటే, ప్యానెళ్లు విప్పాక నాకు నిజంగా భయమేసింది. ఇన్వర్టర్ 1,500 వాట్లది. 12 వోల్టుల మీద అది ఫుల్ లోడ్‌లో 125 ఆంపియర్లకు పైనే లాగుతుంది. దానికి వేసింది ఇంట్లో ఏసీకి లాగే 4 ఎంఎం వైరు, అంత కరెంటును అది మోయలేదు! బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. వైరు చుట్టూ ప్లైవుడ్, దాని వెనక థర్మాకోల్. మన ఎండల్లో మధ్యాహ్నం నిలబెట్టిన బండి లోపల ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అందులో ఒక కుటుంబం పిల్లలతో పడుకుంటుందని తెలిసి కూడా ఈ పని ఎట్లా చేశారో నాకు అర్థం కావడం లేదు.

బ్యాటరీ కూడా మోసమే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టులు, 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని స్టిక్కర్ ఉంది. అంటే 2,560 వాట్ అవర్లు. ఫుల్ చార్జ్ చేసి 100 వాట్ల లోడ్ పెడితే దాదాపు ఒక రోజంతా నడవాలి. మాది సగం కూడా రాకుండానే ఆగిపోయింది. డబ్బా విప్పితే సెల్స్ మీద క్యూఆర్ కోడ్‌లు గీకేసి ఉన్నాయి, పాత సెల్స్‌కు కొత్త తొడుగు వేశారు. కొనేముందు షాపులోనే బల్బుల లోడ్ పెట్టి పరీక్షించమనండి, టైం పట్టినా సరే. ప్లైవుడ్‌ది కూడా ఇదే తీరు: నీళ్లకు తట్టుకునే మెరైన్ రకం అన్నారు, దాని మీద ఉండాల్సిన ఐఎస్ 710 ముద్ర ఎక్కడా లేదు.

గ్యాస్ గురించి వేరే చెప్పాలి. 14.2 కిలోల ఇంటి సిలిండర్‌ను మంచం కింద పెట్టారు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. కాబట్టి పైన కిటికీ ఉంటే సరిపోదు, నేల మట్టంలో గాలి బయటికి పోయే రంధ్రం ఉండాలి. మా బండిలో అది లేదు.

పైసలు తిరిగివ్వమంటే "మీరు వ్యాపారానికి కొన్నారు, కన్స్యూమర్ కోర్టు మీకు వర్తించదు" అని బెదిరించారు. ఆ మాట నమ్మకండి. స్వయం ఉపాధితో బతకడం కోసం కొన్నవాళ్లు కూడా వినియోగదారులే అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే రాసి ఉంది. 50 లక్షల వరకు కొనుగోలుకు కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందుగా నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు, బ్యాంకు ద్వారా కట్టిన రసీదు, ఆర్‌సీ మార్పిస్తామని పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, ఇవే మా కేసులో ఇప్పుడు పనికొస్తున్నాయి.

ఇట్లాంటి బండి ఇప్పటికే తెచ్చుకుని ఉంటే ఈ రోజే బ్యాటరీ మైనస్ వైరు విప్పేయండి, సిలిండర్ బయట పెట్టేయండి. వైరింగ్ మొత్తం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించే వరకు అందులో ఎవర్నీ పడుకోనివ్వకండి.