శిక్ష తీరాక: సిడ్నీలోనే ఉండాలా, ఇంగ్లాండ్ వెళ్లాలా?

ఒకప్పుడు బ్రిటిష్ సర్కారు ఏడేళ్ల శిక్షపై ఆస్ట్రేలియాలోని తన వలస న్యూ సౌత్ వేల్స్‌కు (సిడ్నీ ఉన్నది అక్కడే) ఓడెక్కించిన ఖైదీకి గడువు తీరగానే పట్టుకున్న టెన్షన్ ఇది.

ఖర్చు: తెచ్చింది సర్కారు ఖర్చుతో, తిరిగి వెళ్లాలంటే మాత్రం సొంత డబ్బే. మగవాళ్లు ఓడలో పనికి కుదిరి వెళ్లేవారు, ఆడవాళ్లకు ఆ దారీ లేదు. ఉండిపోతే, తొలి రోజుల్లో, ఒంటరివాడికి 30 ఎకరాలు, పెళ్లయితే మరో 20, బిడ్డకు 10 చొప్పున. (ఆ నేల ఆదివాసులది. వాళ్లనెవరూ అడగలేదు.) 1831లో ఈ ఉచిత భూమి ఆగిపోయింది.

శ్రమ: భూమి ఇచ్చారు కదా అని ఊరికే పండదు. సిడ్నీ దగ్గరి పారమట్టాలో, ఖైదీగా వచ్చిన జేమ్స్ రూస్ చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదను మట్టిలో కలిపి, పారతో తవ్వి, గడ్డినీ కలుపునీ లోపలే పూడ్చి గోధుమ వేశాడు.

రిస్క్: గడువు తీరకముందే ఇంగ్లాండ్‌లో దొరికితే 1834 దాకా ఉరిశిక్షే.

గుర్రం దొంగతనం కేసులో 1792లో ఖైదీగా సిడ్నీ వచ్చిన మేరీ రీబీ వ్యాపారంలో బాగా గడించి, 1820లో కూతుళ్లతో ఇంగ్లాండ్ వెళ్లి, చూసి, వెనక్కే వచ్చేసింది.

భార్యాబిడ్డలు ఇంగ్లాండ్‌లో ఎదురుచూస్తుంటే, ఓడ పని చేసే ఒళ్లుంటే వెళ్లడమే సరి. చేతిలో పనితనం ఉండి, అక్కడ ఎవరూ లేనివాడు ఉండిపోవడమే మేలు.